అలనాటి ముచ్చట్లు... అమ్మకానికి అడ్డంకులు!

"ఇల్లు బాగానే ఉందమ్మా, కానీ..." అంటూ మూడో పార్టీ కూడా గుమ్మం దిగి వెళ్లిపోయింది. ఆ 'కానీ' తర్వాత ఏముందో ఎవరూ చెప్పరు. అసలు చిక్కంతా అక్కడే!

తెనాలిలో మా మామగారు 1988లో కట్టించిన ఇల్లది. ఆయన పోయాక అత్తయ్య గుంటూరులో మా దగ్గరకే వచ్చేశారు. మేం ఇక్కడో ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చాం. మూడు నెలల్లో మిగతా సొమ్ము కట్టకపోతే ఆ అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. తెనాలి ఇల్లు అమ్మితేగానీ డబ్బు చేతికి రాదు. చూడవచ్చినవాళ్లేమో బాగా తగ్గించి అడగడమో, మళ్లీ కనిపించకపోవడమో!

చివరికి మధ్యవర్తే మొహమాటం విడిచి చెప్పాడు. "ఏమీ అనుకోకండమ్మా. వచ్చినవాళ్లకి ఇల్లు కనపడటం లేదు. మీ అలంకరణే కనపడుతోంది."

ఆ రోజు ఆ హాలుని కొనేవాళ్ల కళ్లతో చూశాను. 1996లో మా ఆడపడుచు పెళ్లికి ముస్తాబు చేసిన హాలు. ఒక గోడ నిండా జలపాతం వాల్‌పేపరు. ఇంకో గోడకి నడుమెత్తు వరకూ ముదురు గోధుమరంగు ప్లైవుడ్. పైన పువ్వులూ లతలతో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగు. కిటికీలకి మెరూన్ వెల్వెట్ కర్టెన్లు. నేను కోడలిగా అడుగుపెట్టినప్పుడు 'అబ్బ, ఎంత బావుందో' అనుకున్న గదే! ఇప్పుడు పట్టపగలు కూడా లైటు వేయాల్సివస్తోంది.

ముందుగా వాల్‌పేపరు ఊడదీయించాం. దాని వెనక గోడంతా చెమ్మ, తెల్లగా ఉప్పు పేరుకుని సున్నం రాలిపోతోంది. పక్కన బాత్‌రూమ్ పైపు కారుతోందన్నమాట! ప్లైవుడ్ వెనక చెదలు. అలంకరణ ఎన్ని లోపాల్ని దాస్తుందో అప్పుడు తెలిసింది. పైపు బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయించాం. చెమ్మ ఆరకుండా వేస్తే వానాకాలానికల్లా పొక్కులు లేస్తాయి. పైగా లోపం కప్పిపెట్టి అమ్మడం న్యాయమూ కాదు కదా!

సీలింగు తీసేస్తే పదడుగుల గది పదడుగులూ కనిపించింది. వెల్వెట్ కర్టెన్ల స్థానంలో లేతరంగు నూలువి కట్టాం. ఒక్కో గదికి ఒక్కో రంగున్న గోడలకి ఇల్లంతా ఒకే లేత గంధం రంగు వేయించాం. 'ఇక్కడ మన సోఫా పడుతుంది, అక్కడ మన బీరువా' అని వచ్చినవాళ్లు ఊహించుకోవాలంటే గోడలు సాదాగా ఉండాలి.

ఇక షోకేసు. గోడంత షోకేసు, నడుమ పాత డబ్బా టీవీకి చేయించిన గూడు. ఇప్పటి టీవీ అందులో పట్టనే పట్టదు. అరల నిండా కొండపల్లి బొమ్మలు, కన్యాకుమారి గవ్వలు, మామగారి ఆఫీసువాళ్లిచ్చిన షీల్డులు.

"అది తీసేస్తే ఇంక మన ఇల్లని ఎలా తెలుస్తుంది అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

మనదని తెలియకూడదనే తీసేస్తున్నాం అత్తయ్యా అని ఎలా చెప్పను? కథలు రాసుకునే నాకు ఆ పూట ఒక్క మాటా దొరకలేదు. రెండు రోజులు ఆవిడ మాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే "పద, తెనాలి వెళ్దాం" అన్నారు. తన పాత చీరలు చింపి, ఒక్కో బొమ్మనీ చుట్టి, తన చేత్తోనే పెట్టెలో సర్దారు.

అలాగని పాతవన్నీ పీకించేయకండి. నేను తొందరపడి ఎర్ర గచ్చు మీద టైల్స్ వేయించబోయాను. మేస్త్రీయే ఆపాడు. "ఇలాంటి గచ్చు ఇప్పుడు చేయించాలంటే పనివాళ్లు దొరకడమే కష్టమమ్మా. యాసిడ్ తగలనీయకుండా సబ్బునీళ్లతో కడిగి, కాస్త కొబ్బరినూనె గుడ్డతో రుద్దండి చాలు" అన్నాడు. నిజంగానే మెరిసింది! టేకు తలుపుల మీది పెయింటు గీకించి వార్నిష్ వేయించాం. వంటింట్లో కడపరాళ్ల అరల మీద అంటించిన ప్లాస్టిక్ కాగితాలు తీసి కడిగాం. కొత్త మాడ్యులర్ కిచెన్ జోలికి మాత్రం పోలేదు. కొనేవాళ్లు ఎలాగూ తమకి నచ్చినట్టే చేయించుకుంటారు. మన ఖర్చు తిరిగొస్తుందన్న నమ్మకం లేదు.

అంతా కలిపి లక్షలోపే అయింది. అంతకుముందు వాళ్లు తగ్గించి అడిగినదాంతో పోలిస్తే అదెంత?

నాలుగో పార్టీ దంపతులిద్దరూ టీచర్లు. పైపు సంగతీ, చెదల సంగతీ దాచకుండా చెప్పాం. ఆవిడ చెప్పులు విడిచి గచ్చు మీద రెండడుగులు వేసి, "మా అమ్మమ్మగారింట్లోనూ ఇలాగే ఉండేది" అన్నారు. మేం అనుకున్నదానికి కాస్త తక్కువకే అయినా, గడువుకి వారం ముందు రిజిస్ట్రేషన్ అయిపోయింది.

కొత్త ఫ్లాటులో అత్తయ్య మంచం పక్కన చిన్న అర ఒకటి బిగించాం. అందులో కొండపల్లి ఏనుగు, రెండు గవ్వలు, మామగారి షీల్డొకటి. హాలు మాత్రం నా ఇష్టప్రకారం తీర్చిదిద్దుకున్నాను. ఇంకో పాతికేళ్లకి దాన్ని చూసి మా అమ్మాయి ఏమంటుందో మరి!