నడుమునొప్పియు నడకయు

నడుమునొప్పి సాధారణముగా ప్రాణములు తీయు వ్యాధి కాదు. ఐనను మనుష్యుని పనికి దూరము చేయు బాధలలో ప్రపంచమంతటను దీనిదే అగ్రస్థానము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020 సంవత్సరమున 61 కోట్ల 90 లక్షలమంది దీనివలన బాధపడిరి. దినమంతయు వంగి వరినాట్లు వేయు స్త్రీ, మగ్గము ముందు కూర్చుండు నేతపనివాడు, బస్తాలు మోయు కూలీ, కుర్చీనుండి కదలని గుమాస్తా, లారీ నడుపు డ్రైవరు - వీరిలో ఎవ్వరికైనను ఇది రావచ్చును. దినకూలి మీద బ్రతుకు కుటుంబములో సంపాదించువాడు నడుము పట్టి మూలబడినచో, ఆ ఇంట పొయ్యి వెలుగుటయే కష్టమగును.

ఇట్టి నొప్పి మూడు మాసములకు మించి నిలిచియున్నచో దానిని దీర్ఘకాలపు నొప్పి యందురు. ఇది గలవారు నడచుటకు, సైకిలు త్రొక్కుటకు, ఈదుటకు భయపడుదురు. కదలినకొలది వెన్నెముక అరిగిపోవునని వారి తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. గుండెకును ఊపిరితిత్తులకును పని కల్పించు వ్యాయామము, క్రమము తప్పక చేసినచో, నడుమునొప్పి గలవారికి హాని చేయదు సరికదా, మేలే చేయును.

విశ్రాంతి ఎంతవరకు?

నడుము పట్టినవారు గట్టి బల్లపై వారములతరబడి పరుండవలెనని పూర్వము వైద్యులే చెప్పుచుండెడివారు. తరువాతి పరిశోధనలు ఈ అభిప్రాయమును మార్చినవి. 1995లో ప్రకటింపబడిన ఫిన్లండు దేశపు పరిశోధనయందు, అప్పుడే నడుమునొప్పి వచ్చినవారిని మూడు తెగలుగా విభజించిరి. మొదటి తెగవారికి రెండు దినములు మంచముపై విశ్రాంతి నిచ్చిరి. రెండవ తెగవారిచేత నడుమును వంచు కసరత్తులు చేయించిరి. మూడవ తెగవారిని ఓర్చుకొనగలిగినంతవరకు తమ నిత్యకృత్యములు చేసికొనుచుండుమనిరి. మూడవ తెగవారే అందరికన్న త్వరగా కోలుకొనిరి.

దీనికి కారణము శరీర నిర్మాణమునందే యున్నది. నడుము భాగమున ఐదు వెన్నుపూసలు గలవు. పూసకును పూసకును మధ్య మెత్తని బిళ్ల యొకటి యుండును. పెద్దవారిలో ఈ బిళ్లల లోపలికి రక్తనాళములు పోవు. ప్రక్కనున్న ఎముకలనుండి మెల్లగా ఊరి వచ్చు ద్రవమే వాటికి ఆహారము. శరీరము కదలునప్పుడు బిళ్లపై బరువు పడుచు, తొలగుచు నుండుట ఈ పోషణకు తోడ్పడును. మంచము పట్టినవానికి ఈ మేలు తగ్గును. వెన్నును నిలబెట్టు కండరములును కొద్ది దినములలోనే బలము కోల్పోవును. పిమ్మట చిన్నపనికే అలసట, అలసటతో నొప్పి, నొప్పితో భయము, భయముతో మరల మంచము - ఇది యొక విషవలయము.

నష్టము నడుముతో ఆగదు. నడక మానినవారికి బరువు పెరుగును. రక్తపుపోటు, మధుమేహము అదుపు తప్పును. నడుమును కాపాడుకొనబోయి గుండెను పాడుచేసికొన్నట్లగును.

నొప్పి వేరు, హాని వేరు

కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు కలుగు నొప్పి హానికి గురుతు. కాని నెలలతరబడి నిలిచిన నడుమునొప్పి చాలమందిలో అట్టిది కాదు. నొప్పిని తెలుపు నరముల వ్యవస్థ అతిసున్నితమై, చిన్న కదలికకే పెద్దగా హెచ్చరించును. చేనిలో పిట్ట వాలినను దొంగ పడెనని కేకలు వేయు కావలివాని వంటిదది.

స్కానింగులో బిళ్ల ఉబ్బినదని తెలియగానే అధైర్యపడరాదు. 2015లో ప్రకటింపబడిన ఒక సమీక్ష ప్రకారము, ఏ నొప్పియు లేనివారిలో సయితము ఇరువదియేండ్ల వయస్సున నూటికి 30 మందికిని, ఎనుబదియేండ్ల వయస్సున నూటికి 84 మందికిని ఇట్టి ఉబ్బు కనబడినది. తల నెరయుట వలె ఇదియు చాలవరకు వయస్సుతో వచ్చు మార్పే.

ఎట్లు ఆరంభింపవలెను?

అన్నిటికంటె సులభమైనది నడక. దానికి కావలసినది సమతలమైన దారి, కాలికి సరిపోవు చెప్పులు మాత్రమే. నొప్పి తక్కువగానున్న దినమున మితిమీరి నడచి, మరునాడు మంచమెక్కుట పలువురు చేయు పొరపాటు. నొప్పిని బట్టి గాక గడియారమును బట్టి నడువవలెను. నొప్పి ఎక్కువగానున్న దినమున పది నిమిషములు నడువగలవాడు ఎనిమిది నిమిషములతో ఆరంభింపవలెను. మంచి దినమైనను అంతే, చెడు దినమైనను అంతే. వారమునకొకసారి ఒకటి రెండు నిమిషములు పెంచుకొనవచ్చును. ఉదయము కొంత, సాయంకాలము కొంతగా పంచుకొన్నను ఫలము తగ్గదు. వేసవిలో ఎండవేళ నడువరాదు.

నడుచునప్పుడు మాటలాడుటకు ఊపిరి చాలవలెను. పాట పాడుటకు చాలరాదు. గుండెకు తగిన పని దొరకినదనుటకు ఇదియే కొలత. ఇట్టి వ్యాయామము పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అంతవరకు చేరుటకు నెలలు పట్టినను చింతలేదు. కొంచెమైనను అసలు లేకుండుటకంటె మేలు.

నడచినప్పుడు కాళ్లు లాగువారికి సైకిలు అనుకూలింపవచ్చును. ఈత వచ్చినవారికి నీటిలో శరీరభారము తగ్గుటచే హాయిగానుండును. పరుగు, త్రాడాట మొదలగునవి బలము చేకూరిన పిమ్మట చేపట్టవచ్చును.

వ్యాయామము తరువాత నొప్పి కొంత హెచ్చి, మరునాటికి మునుపటి స్థితికి వచ్చినచో భయము లేదు. రెండు మూడు దినములు తగ్గకున్నచో, మానివేయక, కాలమును కొంత తగ్గించి కొనసాగింపవలెను.

ఫలము వెంటనే కనబడదు, వారములు పట్టును. ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిపి 2024లో ప్రకటించిన పరిశోధన ఇందుకు తార్కాణము. నడుమునొప్పినుండి కోలుకొన్నవారిలో, శిక్షణతో క్రమముగా నడచినవారికి నొప్పి తిరుగబెట్టుటకు మధ్యస్థముగా 208 దినములు పట్టగా, అట్టి శిక్షణ పొందనివారికి 112 దినములే పట్టినది. నడుముకు పట్టీలు కట్టుటను సాధారణ చికిత్సగా వాడవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. వైద్యుని సలహా లేక నొప్పిమాత్రలను నెలలతరబడి మ్రింగుట కడుపులో పుండ్లకును మూత్రపిండముల చేటునకును దారితీయవచ్చును.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

మలమూత్రములపై అదుపు తప్పినను, మూత్రము బిగిసినను, మర్మావయవముల చుట్టును తిమ్మిరి కలిగినను, కాలిలో బలము తగ్గుచున్నను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. జ్వరము, కారణము తెలియక బరువు తగ్గుట, విశ్రాంతిలోను తగ్గని రాత్రినొప్పి యున్నచో త్వరలో పరీక్ష చేయించుకొనవలెను. మన దేశమున వెన్నెముకకు క్షయ సోకుట అరుదు కాదు. సకాలమున మందులు వాడినచో అది నయమగును. క్రింద పడిన పిదప వచ్చిన నొప్పిని, పూర్వము క్యాన్సరు సోకినవారికి వచ్చిన నొప్పిని ఉపేక్షింపరాదు. గుండెజబ్బు గలవారు, నడచునప్పుడు ఎదలో నొప్పి వచ్చువారు వైద్యుని అడిగిన పిమ్మటనే వ్యాయామము ఆరంభింపవలెను.

ఇంటివారి సహాయము గూడ అవసరము. నడుమునొప్పి గలవానిని "కదలవద్దు" అని వారించుటకంటె, సాయంకాలము అతనితోపాటు పది నిమిషములు నడచుట మేలైన సేవ.