దూరాన ఉన్న పొరుగువారు

బలిఘట్టంలో వరాహనది ఉత్తరముఖంగా పారుతుంది. సాయంకాలం కాలేజీ నుంచి వచ్చి ఆ గట్టున కాసేపు కూర్చోవడం నా అలవాటు. దారిలో రిటైరయిన నర్సమ్మగారి ఇల్లు. ప్రతి శుక్రవారం అక్కడ నలుగురైదుగురు చేరి ప్రార్థన చేసుకుంటారు. పరదేశాల్లో విశ్వాసం కోసం బాధలు పడేవారిని గురించి ఆవిడ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంటారు.

కిందటేడు మా వీధిలో కొందరికి అది కంటగింపయింది. ఆ కూటం మాన్పించమని అర్జీ రాసి, లెక్చరరుగారి సంతకముంటే బరువుగా ఉంటుందని కాగితం నా చేతికిచ్చారు. కాదనే ధైర్యం లేక "రేపు చూద్దాం" అన్నాను. ఆ కాగితం జేబులో ఉండగానే ఆవిడ గుమ్మం ఎక్కాను.

"ఎక్కడో ఉన్నవాళ్ళకి ఇక్కడి ప్రార్థనవల్ల ఏం ఒరుగుతుందండీ?" అని అడిగాను.

ఆవిడ నొచ్చుకోలేదు. నోటుబుక్కు తెరిచి ఒక పుట చూపించారు.

2015 ఫిబ్రవరి. లిబియా సముద్రతీరాన ఐసిస్ ముష్కరులు 21 మందిని చంపినట్టు లోకానికి తెలిసిన నెల అది. 20 మంది ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు, ఒకడు ఘనా దేశస్థుడు. పొట్ట చేతబట్టుకుని సిర్తే పట్టణానికి పోయిన కూలివాళ్ళు. వారిలో 13 మందిది ఒకే ఊరు, మిన్యా ప్రాంతంలోని అల్ ఔర్.

ఆ వార్త నేనూ చదివాను. "అయ్యో" అనుకుని పేపరు మడిచాను. అంతే.

ఆవిడ పుట తిప్పారు. 2015 జులై. సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను ఇంటికి బయలుదేరిన దారిలో ఎత్తుకుపోయారు. ఇద్దరు కన్నడిగులు రెండు రోజులకే బయటపడ్డారు. తెలుగువాళ్ళిద్దరికీ చెర వీడేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది.

ఈ వార్తకు మాత్రం ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళూ నాలాటి పంతుళ్ళే. ఒకరిది మన శ్రీకాకుళం జిల్లా కూడాను.

"వీళ్ళది ఏ మతమో నేను అడగలేదు బాబూ. రాసుకున్నాను" అన్నారావిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టణం ఒకటే, పట్టుకున్న చేతులూ అవే. నా దుఃఖానికి మాత్రం భాష, ఉద్యోగం, జిల్లా కలవవలసి వచ్చాయి!

మిగతా కథ ఆవిడే చెప్పారు. 2017లో సిర్తే దగ్గర మృతదేహాలు దొరికాయి. 2018లో ఈజిప్టువాళ్ళు సొంత ఊరి గడ్డ చేరారు. వారి పేర అల్ ఔర్‌లో చర్చి కట్టడానికి సొమ్మిచ్చింది ముస్లిములు అధికసంఖ్యాకులైన ఆ దేశపు ప్రభుత్వమే. ఘనా అతను మాత్రం లిబియాలోనే ఉండిపోయాడు. 2020లో అతణ్ణీ ఆ చర్చికే తెచ్చి తోటివారి సరసన ఉంచారు. అతనిది వాళ్ళ ఊరూ కాదు, వాళ్ళ భాషా కాదు.

మర్నాడు అర్జీ సంతకం లేకుండానే తిరిగి ఇచ్చాను.

"ఏం మాస్టారూ, మీకూ బోధ చేశారా?" అని ఒకాయన నవ్వాడు.

జవాబు చెప్పకుండా వచ్చేస్తే అది మళ్ళీ పేపరు మడిచినట్టే. అందుకని నిలబడి చెప్పాను: "ఆవిడ ఇంట్లో ఆవిడ ప్రార్థన చేసుకోవద్దనడానికి మనమెవరం?"

ఇద్దరు తమ పేర్లు కొట్టేశారు. మిగిలినవారు నాతో మాటలు తగ్గించారు. నేను మతం మారానని పాఠకులు అనుకోనక్కరలేదు. సోమవారం నాడు ఇప్పటికీ బ్రహ్మలింగేశ్వరుడి గుడికే వెళతాను. శుక్రవారం మాత్రం నది నుంచి వచ్చేటప్పుడు ఆవిడ ఇంట్లో దీపం వెలుగుతోందా అని ఒకసారి చూసి మరీ ఇంటికి వస్తాను.