దర్జీ - ఖయ్యాత్: ఒక వృత్తి నామం, దాని అర్థం

బట్టలు కుట్టేవానిని మనం దర్జీ అంటాము. అరబ్బీలో అతడు ఖయ్యాత్. నేటి దుకాణాల బోర్డుల మీద టైలర్. వృత్తి ఒకటే అయినా ఈ మూడు పేర్లు మూడు వేర్వేరు మూలాల నుండి వచ్చాయి. ఖయ్యాత్ అనే మాట దారాన్ని బట్టి, దర్జీ అనే మాట కుట్టును బట్టి పుట్టాయి. ఇంగ్లీషు వారు ఫ్రెంచి భాష నుండి తీసుకున్న టైలర్ అనే మాటకు మూలార్థం కత్తిరించేవాడు.

ఖయ్యాత్

అరబ్బీలో 'ఖైత్' అంటే దారం. కుట్టుపని 'ఖియాతత్'. సూదిని 'మిఖ్యత్' అనీ, 'ఖియాత్' అనీ అంటారు. ఆ పనిని వృత్తిగా చేసుకున్నవాడు ఖయ్యాత్. రొట్టెలు చేసేవాడు ఖబ్బాజ్, వడ్రంగి నజ్జార్ అయినట్లే ఇదీ వృత్తిని తెలిపే రూపం. దీనిని 'ఖయ్యామ్'తో కలపరాదు. 'ఖైమా' అంటే డేరా. డేరాలు తయారుచేసేవాడు ఖయ్యామ్. ఉమర్ ఖయ్యామ్ (1048-1131) పేరులో ఉన్నది ఈ రెండవ మాట. రెండింటి ధాతువులు వేరు.

దివ్య ఖుర్ఆన్‌లో దారమూ, సూదీ రెండూ ప్రస్తావించబడ్డాయి. అల్ బఖరా సూరా 187వ ఆయత్ ఉపవాస ఆరంభ వేళను తెలుపుతూ తెల్లదారం, నల్లదారం అనే ఉపమానాన్ని వాడింది. సహాబాలలో కొందరు దీనిని అక్షరార్థంలో తీసుకొని, కాళ్ళకు తెల్ల, నల్ల దారాలు కట్టుకొని వాటి తేడా కనిపించేవరకు భుజించేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది. అక్కడ ఉద్దేశించినది పగటి వెలుగు, రాత్రి చీకటి అని తరువాత స్పష్టమయింది. అల్ ఆరాఫ్ సూరా 40వ ఆయత్‌లో సూదిబెజ్జం ప్రస్తావన ఉన్నది. దైవసూచనలను అహంకారంతో తిరస్కరించినవారి స్వర్గప్రవేశం, ఒంటె సూదిబెజ్జంలో దూరడమంత అసాధ్యమని దాని భావం.

దర్జీ

ఫారసీలో 'దర్జ్' అంటే రెండు గుడ్డముక్కలు కలిసే కుట్టు. ఇస్లాంకు పూర్వపు పహ్లవీ భాషలోనే 'దర్జీగ్' అనే మాట ఉన్నది. బిగించడం, కట్టడం అనే అర్థమున్న ప్రాచీన ఇరానీ ధాతువు దీనికి మూలం. మనం వాడే 'దృఢం' అనే సంస్కృత పదం కూడా ఆ ధాతువుకు బంధువేనని భాషావేత్తలు చూపుతారు. అరబ్బులు 'దర్జ్'ను స్వీకరించి కుట్టుకే కాక, వైద్య గ్రంథాలలో కపాలపు ఎముకల అతుకులకు కూడా వాడారు. తుర్కీలో దర్జీయే 'తెర్జీ' అయినాడు.

దక్కనులో బహమనీ, గోల్కొండ దర్బారుల కాలంలో వ్యాపించిన ఫారసీ పదాలలో ఇదొకటి. తెలుగులో అంతకు ముందున్న మాట కుట్రపువాడు. దర్జీ వాడే మాటలలో 'అస్తరు' కూడా ఫారసీయే. 'కాజా' పోర్చుగీసు నుండి వచ్చింది. 'జేబు'కు మూలం అరబ్బీ 'జైబ్'. అయితే ఆ భాషలో దీని పూర్వార్థం మెడ దగ్గర చొక్కాకు ఉండే చీలిక. అన్ నూర్ సూరా 31వ ఆయత్‌లోని 'జుయూబ్' ఆ అర్థంలోనిదే. జేబు అంటే సంచి అని తలచి చదివితే భావం చెడుతుంది.

వృత్తి గౌరవం

బట్టలు కుట్టడం మొదలుపెట్టినది హజ్రత్ ఇద్రీస్ (అ) అని ఒక సంప్రదాయం. ఉత్తర భారతంలో ఈ వృత్తి చేసే ముస్లింలలో అనేకులు తమను ఇద్రీసీలని చెప్పుకోవడానికి కారణం ఇదే. ఖుర్ఆన్ ఆయనను సత్యవంతుడనీ, సహనశీలి అనీ ప్రశంసించింది. వృత్తిని మాత్రం పేర్కొనలేదు.

హదీసులో ఇంతకంటే స్పష్టమైన ఆధారం ఉన్నది. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలువగా ఆయన వెళ్ళారు. బార్లీ రొట్టె, సొరకాయ, ఎండుమాంసం వేసిన కూర వడ్డించబడ్డాయి. వెంట వెళ్ళిన హజ్రత్ అనస్ (రజి), ప్రవక్త (స) సొరకాయ ముక్కలను వెదకి తినడం చూసి, నాటినుండి తానూ సొరకాయను ఇష్టపడ్డారు. ఇమామ్ బుఖారీ దీనిని వ్యాపార ప్రకరణంలో, దర్జీని గురించిన అధ్యాయంలోనే చేర్చారు. ఆ దర్జీ పేరు అందులో లేదు. వృత్తి పేరు నిలిచింది. చేతిపనిని చిన్నచూపు చూసేవారు ఈ హదీసును గమనించాలి.

సూదంత అమానతు

ఒక పనికి నియమించబడినవాడు ఒక్క సూదిని దాచుకున్నా అది ద్రోహమే అవుతుందని, ప్రళయదినాన దానిని తీసుకొని రావలసి ఉంటుందని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. అక్కడ సూదికి వాడిన మాట మిఖ్యత్. ఖయ్యాత్ పుట్టిన ధాతువే అది. ఆ హదీసు దర్జీల కొరకు చెప్పబడినది కాదు, ప్రజల సొమ్ము చేతిలో ఉన్న ప్రతివానికీ చెప్పబడినది. కాని ఆ సూది రోజూ దర్జీ చేతిలోనే ఉంటుంది.

అందుకే హనఫీ ధర్మవేత్తలు కూలి, కిరాయి నియమాలను వివరించేటప్పుడు దర్జీని తరచుగా ఉదాహరణగా తీసుకున్నారు. గుడ్డ యజమాని ఒక రకం దుస్తు కుట్టమన్నానని, దర్జీ మరొక రకం అన్నావని వాదిస్తే, యజమాని మాట ప్రమాణంతో అంగీకరించబడుతుంది. గుడ్డ అతనిది గనుక ఎలా కుట్టాలో చెప్పే హక్కూ అతనిదే. ఈ లెక్కన మిగిలిన ముక్క కూడా అతనిదే. అడగకుండా ఉంచుకోవడం వాడుకైనంత మాత్రాన ధర్మం కాజాలదు. బట్ట కుట్టించుకున్నవానికి కూడా బాధ్యత ఉన్నది. పండుగ ముందురోజు వరకు రాత్రింబవళ్ళు పనిచేయించుకొని, కూలిని పండుగ తరువాతకు వాయిదా వేయడం, చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ఆదేశానికి విరుద్ధం.

దారం రెండు ముక్కలను కలుపుతుంది. ఇచ్చినవానికీ, కుట్టినవానికీ మధ్య ఆ పని చేసేది అమానతు.