త్రిమితీయ స్కానింగు

ఒక వస్తువు యొక్క పొడవు, వెడల్పు, లోతులను కొలిచి కంప్యూటరులో దాని నమూనాను నిర్మించే ప్రక్రియను త్రిమితీయ స్కానింగు అంటారు. సాధారణ ఛాయాచిత్రంలో లోతు నమోదు కాదు. ఇందులో ఉపరితలంపై గల వేలాది, లక్షలాది బిందువుల స్థానాలు నమోదవుతాయి.

పనిచేసే విధానము

బల్లపై అమర్చే స్కానరులో ఒక కెమెరా, ఒక లేజరు లేదా ప్రొజెక్టరు ఉంటాయి. వస్తువుపై పడిన కాంతిరేఖ ఎత్తుపల్లాలను బట్టి వంగినట్లు కెమెరాకు కనిపిస్తుంది. కెమెరా, కాంతిజనకము, వెలుగు పడిన బిందువు కలిసి ఒక త్రిభుజమవుతాయి. దాని ఒక భుజము, రెండు కోణములు తెలిస్తే మిగిలిన దూరాలను త్రికోణమితి ద్వారా లెక్కించవచ్చు. వస్తువును కొంచెం కొంచెంగా త్రిప్పుతూ అన్ని వైపులా కొలుస్తారు. సాఫ్టువేరు ఆ భాగాలను జతపరుస్తుంది. లేజరు లేకుండా, వివిధ కోణాలలో తీసిన అనేక ఛాయాచిత్రాల నుండి నమూనాను రాబట్టే పద్ధతిని ఫోటోగ్రామెట్రీ అంటారు.

పరిమితులు

గాజు, మెరిసే లోహము, లోతైన సందులు సరిగా నమోదు కావు. మెరుపు తగ్గించుటకు తెల్లని పొడి చల్లుతారు. కాని పురావస్తువులపై అలా చల్లడం హానికరం కావచ్చు.

చరిత్ర

అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయ బృందం 1999లో ఇటలీలోని మైకెలాంజిలో 'డేవిడ్' శిల్పాన్ని స్కాన్ చేసింది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు సాధారణ కెమెరాతో, చేతితో కదిపే రేఖా లేజరుతో పనిచేసే చౌక పద్ధతిని 2006లో ప్రకటించారు.

ప్రాముఖ్యత

అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాలు అనేకం 19వ శతాబ్దంలో సున్నం కొరకు కాల్చబడ్డాయి. కొలిన్ మెకంజీ బృందం అంతకుముందే గీసిన చిత్రాల వల్లనే వాటిలో కొన్నింటి రూపం నేడు తెలుస్తున్నది. చిత్రాలలో లేని లోతును కూడా స్కానింగు భద్రపరచగలదు. అయితే నమూనా మూలవస్తువుకు ప్రత్యామ్నాయం కాదు.