పాత చందమామలు కొనేముందు

పాత చందమామలు పోగుచేస్తానని తెలియగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడవన్నీ కంప్యూటర్లో దొరుకుతున్నాయిగా?" దొరుకుతాయి. కానీ చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మను ఆనాటి కాగితం మీద చూడ్డంలో ఉన్న సుఖం తెరమీద రాదు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల పత్రిక చందమామ. నా వేట ముఖ్యంగా 1954 నుంచి వచ్చిన సంచికల కోసం. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ 'తోకచుక్క' మొదలైంది ఆ ఏడాదే. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట వరసగా వచ్చాయి. ఆ మాంత్రికులకూ వింత మృగాలకూ రూపమిచ్చింది చిత్రా కుంచె.

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద చందమామల కట్ట కనబడితే ముందు నేను చూసేది అట్ట ఉందా లేదా అని. బైండు చేయించేటప్పుడు చాలామంది అట్టలూ ప్రకటనలూ తీసేయించేవారు. వడ్డాది పాపయ్య అట్టబొమ్మ పోతే సంచిక విలువ సగం పోయినట్టే. తర్వాత నెల, సంవత్సరం సరిచూస్తాను. పాత సీరియళ్లను చందమామే మళ్లీ వేసింది కాబట్టి, కథను బట్టి కాలం చెప్పలేం. మధ్యపేజీలు లెక్కపెడతాను, బొమ్మల కోసం పిల్లలు కత్తిరించేది అక్కడే.

చిరిగితే సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కాగితాన్ని పచ్చబరుస్తుంది. తుప్పుపట్టిన పిన్నులు తీసి దారంతో కుట్టండి. మీ అటక మీద పాత కట్టలుంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి.