కొత్త గదికి స్లాబు ఎలా వేశారు?

మన హాస్టల్ వెనక కొత్త గదికి మొన్న ఆదివారం స్లాబు వేశారు. అందరం కిటికీల్లోంచి చూశాం గానీ అక్కడ ఏం జరిగిందో చాలామందికి తెలీదు. మేస్త్రిని అడిగిందీ, సెంటరింగు పనికి వెళ్లే మా అన్నయ్య చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

పట్నంలో అయితే కాంక్రీటు లారీలో తిరుగుతూ తయారుగా వస్తుంది. ఘాట్ రోడ్డెక్కి ఇక్కడికి వచ్చేసరికి అది బిగుసుకుపోతుంది. అందుకే ఇక్కడే మిల్లర్‌లో కలిపారు. సిమెంటు ఒక వంతు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఇసుకని మేస్త్రి ముందే గుప్పెట్లో నలిపి చూశాడు. అరచేతికి మట్టి బాగా అంటితే ఆ లోడు వెనక్కే.

అసలు సంగతి నీళ్లది. 50 కిలోల బస్తాకి 30 లీటర్లు మించకూడదు. జారుగా ఉంటే పని సులువు కనక మోసేవాళ్లు "ఇంకో బకెట్ పొయ్యన్నా" అన్నారు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఎక్కువైన నీళ్లు తర్వాత ఆరిపోయి, అవి ఉన్నచోట కంటికి కనపడని బొక్కలు మిగుల్తాయి. బలం తగ్గుతుంది. వానాకాలం చెమ్మ దిగి లోపలి ఊచలు తుప్పు పడతాయి.

ఊచలు కింది రేకుకి ఆనకుండా చిన్న సిమెంటు బిళ్లలు పెట్టారు. పోశాక వైబ్రేటర్ గొట్టం దించి గాలి పోగొట్టారు. ఆ పని సరిగా చెయ్యకపోతే స్లాబు అడుగున తేనెపట్టులా బొక్కలొస్తాయి. తర్వాత బద్దతో లాగి, చెక్కతో రుద్ది సాపు చేశారు. మధ్యలో ఆపితే అతుకు పడి కారుతుందని చీకటిదాకా ఆపలేదు. తట్టలు మోసిన అక్కల చేతులు చూశారా? తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. వాళ్లకి గ్లౌజులు ఇవ్వలేదు. అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు స్లాబు మీద వరిమడిలా గట్లు కట్టి నీళ్లు నిలిపారు కదా. మన టాంకు నీళ్లన్నీ దానికే పోతున్నాయని కొందరు గొణుగుతున్నారు. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. ఈ ఎండల్లో 10 రోజులైనా తడి ఆరకూడదు. రేపు దానికిందే మనం పడుకోవాలి. వార్డెన్ సారుకి ఒక మనవి: మేస్త్రి మనుషులు వెళ్లిపోయారు కాబట్టి, సాయంత్రం పైపుతో నీళ్లు పట్టే వంతు మా 9వ తరగతికి ఇవ్వండి. స్నానం ఒక్క బకెట్‌తో సరిపెట్టుకుంటాం.

గది వెడల్పు 15 అడుగులు దాటింది కనక కింద నిలబెట్టిన కర్రలు 14 రోజుల దాకా తియ్యరు. 6వ తరగతి తమ్ముళ్లు వాటి మధ్య దాగుడుమూతలు ఆడుతున్నారు. అటు వెళ్లకండి.