ఆ సమావేశంలో వాళ్ల పక్కన ఎవరున్నారు?

2017 ఆగస్టులో జంషెడ్‌పూర్ పేరు దేశమంతా వినబడింది. మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రిలో ముప్పై రోజుల్లో 52 మంది పసిబిడ్డలు చనిపోయారన్న వార్త అది. పోషకాహార లోపమే కారణమని సూపరింటెండెంట్ చెప్పారు. ఆ మాటలో నిజం లేదని నేననను. చుట్టుపక్కల సింగ్‌భూమ్ పల్లెల్లో గర్భిణుల రక్తహీనత ఎవరికీ తెలియనిది కాదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగేది వేరు. నా బిడ్డకు ఏమైంది? ఆ రాత్రి ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు? దానికి ఆ ఒక్క మాట జవాబు కాదు. పైగా అది తప్పును తిన్నగా తీసుకెళ్లి తల్లి ఒంటిమీదే పెడుతుంది.

మరణాలను సమీక్షించే ఏర్పాటు మనకు లేకపోలేదు. ప్రసూతి మరణాలకు 2010 నుంచే మార్గదర్శకాలున్నాయి, 2017లో వాటిని సవరించారు. శిశు మరణాలకు 2014లో వచ్చాయి. జిల్లా అధికారి, అంటే జార్ఖండ్‌లో డిప్యూటీ కమిషనర్, కొన్ని ప్రసూతి మరణాలను స్వయంగా సమీక్షిస్తారు. ఆ సమావేశానికి చనిపోయినామె బంధువులను ఇద్దరిని పిలవవచ్చు. మంచి ఏర్పాటే. కానీ ఆ గదిని ఒకసారి ఊహించుకోండి. బల్లకు అటువైపు డాక్టర్లు, అధికారులు, ఫైళ్లు. ఇటువైపు డ్యూటీ మానుకుని వచ్చిన భర్త, కళ్లు తుడుచుకుంటున్న అత్తగారు. ఏం అడగాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ సమీక్ష ఒకరిని తప్పుపట్టడానికి కాదు, లోపం సరిదిద్దడానికి. అందుకే వివరాలు గోప్యంగా ఉంచుతారు. అలా ఉంచకపోతే సిబ్బంది నోరు విప్పరు, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ ఇద్దరూ ఇంటికి ఏం తీసుకెళ్తున్నారు?

ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. శ్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద డోనా ఓకెండెన్ నడిపిన విచారణ మొదట 23 కుటుంబాలకోసం మొదలై చివరికి 1,486 కుటుంబాలకు పెరిగింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఏళ్ల తరబడి వదలకుండా అడిగితేనే అది కదిలింది. 2020 డిసెంబరులో ఇచ్చిన తొలి నివేదికలోనే ఆమె ఒక సిఫారసు చేశారు: కాన్పులో తీవ్రమైన హాని జరిగితే కుటుంబం తరఫున సమావేశాల్లో కూర్చుని, వాళ్ల మాట పైదాకా చేరేలా చూసే స్వతంత్ర అడ్వొకేట్ ఉండాలి. అడ్వొకేట్ అనగానే మనకు నల్లకోటు గుర్తొస్తుంది. వీళ్లు వకీళ్లు కారు. కేసు వేయమనీ చెప్పరు, వద్దనీ చెప్పరు. జరిగింది అర్థమయ్యేలా చేయడమే వాళ్ల పని.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క కాగితంతో చూద్దాం. కేస్ షీటులో పార్టోగ్రాఫ్ అనే గళ్ల కాగితం ఒకటి ఉంటుంది. మన ఆసుపత్రుల్లో వాడే నమూనాలో, గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి నింపుతారు. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి విని చుక్క పెట్టాలి. మధ్యలో రెండు ఏటవాలు గీతలుంటాయి. కాన్పు మొదటి గీత దాటితే జాగ్రత్త పడాలి. నాలుగు గంటల ఎడంలో ఉన్న రెండో గీతను తాకితే ఇక ఆలస్యం చేయకుండా నిర్ణయం తీసుకోవాలి. రాత్రి రెండింటి నుంచి ఐదింటి దాకా చుక్కల్లేవనుకోండి. ఎవరూ వినలేదా, విని రాయలేదా? ముందు అడగాల్సింది అదే. చుక్కలన్నీ ఉండి, చేయాల్సినవన్నీ చేసినా బిడ్డ దక్కలేదనుకోండి. ఆ సంగతీ అంతే నిజాయితీగా చెప్పగలగాలి. ఆసుపత్రి జీతం తీసుకునే మనిషి నోట ఈ రెండో మాట వస్తే కుటుంబం నమ్మదు. స్వతంత్రంగా ఉండాలనేది అందుకే.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వార్డులో హిందీ, డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో. కదమా నుంచో గోల్మురి నుంచో పిల్ల పురిటికి శ్రీకాకుళం పుట్టింటికి వెళ్తుంది. నెలనెలా చూపించుకున్న కాగితాలు ఇక్కడ, కాన్పు కాగితాలు అక్కడ. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన చెబుతోంది. ఫిర్యాదుదారు తానున్న ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2019 చట్టం చెబుతోంది. గడువు రెండేళ్లు. డబ్బు తీసుకునే ఆసుపత్రులకు ఈ దారి వర్తిస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం దీని కిందకు రావు. అంటే మరీ పేదవాళ్లకే ఈ తలుపు మూసి ఉంది. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

తోడు లేనిచోట కోపం దారి వెతుక్కుంటుంది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. ఆసుపత్రి ముందు ధర్నా జరిగింది, వైద్యం చేసిన డాక్టర్ మీద పోలీసులు హత్య కేసు పెట్టారు, మర్నాడు ఆ డాక్టర్ అర్చనా శర్మ ప్రాణం తీసుకున్నారు. రెండు ఇళ్లలో పిల్లలు తల్లిలేనివాళ్లయ్యారు.

కుటుంబానికి తోడుండే ఈ పనికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదని చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. టాటానగర్‌లో ముంబై వైపు రైలెక్కితే వచ్చే చక్రధర్‌పూర్‌లో ఏక్‌జుట్ అనే సంస్థ ఉంది. ఊరి ఆడవాళ్లను నెలనెలా కూర్చోబెట్టి, కథలు చెప్పుకుంటూ, బిడ్డలు ఎందుకు పోతున్నారో వాళ్లచేతే మాట్లాడించింది. ఆ సమావేశాలు నడిపింది స్థానిక మహిళలే, డాక్టర్లు కారు. ఆ మూడేళ్లలో సమావేశాలు జరిగిన చోట్ల నవజాత శిశు మరణాలు, జరగని చోట్లకంటే 32 శాతం తక్కువగా ఉన్నాయని 2010లో లాన్సెట్ ప్రచురించింది. మరణం గురించి సూటిగా, దయగా మాట్లాడే నేర్పు ఈ జిల్లాల ఆడవాళ్లలో ఉంది. దాన్ని ఆసుపత్రి గుమ్మం దాకా తేవాలి.

జంషెడ్‌పూర్‌లో తెలుగు సంఘాలకు, గుళ్లకు కొదవ లేదు. ఒక్కో సంఘం ఇద్దరు ఆడవాళ్లకు ఈ ఆసుపత్రి కాగితాలు చదవడం నేర్పించాలని కోరుతున్నాను. ఈలోగా ఏ ఇంట్లోనైనా ఇలాంటి కష్టం వస్తే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సహాయం ఉచితం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఫోన్ నంబరు 15100.